సిరా దిగిన కాగితాలు

పెద్దక్క చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. ఎవరో కక్షగట్టి ఆపిందేం కాదు. అమ్మ మంచం పట్టింది, ఇంట్లో పాలు తాగే పిల్ల ఉంది, పొయ్యి దగ్గర నిలబడే మనిషి ఒకరు కావాలి. ఆ పాలు తాగే పిల్లే బుజ్జి. అమ్మ లేచి తిరగనే లేదు, బుజ్జి మాత్రం అక్క చంకలోనే పెరిగి పెద్దదైంది. నడక, మాట, అలక, అన్నీ అక్క దగ్గరే నేర్చింది. అక్షరాలు కూడా అక్కే దిద్దించింది.

పెళ్ళికి ముందు పెద్దక్క పెట్టిన షరతు ఒక్కటే, చెల్లెలు తనతోపాటు వస్తుందని. పెళ్ళికొడుకు స్కూలు బస్సు డ్రైవరు. "బస్సులో సీట్లకేం తక్కువ, ఎక్కించండి" అన్నాడట. ఆ ఒక్క మాటకే పెద్దక్క తలూపింది. తర్వాత ఎన్నిసార్లు అతని మీద కోపం వచ్చినా ఆ మాట తలుచుకుని సగం తగ్గించుకునేది. పిల్లలు కలగలేదు. బుజ్జి ఉండగా ఆ లోటు ఆ ఇంట్లో పెద్దగా ఎవరికీ గుర్తు రాలేదు.

బుజ్జికి పుస్తకాల పిచ్చి. అందులోనూ ఒకే పుస్తకం పిచ్చి. "పొగమంచు రేవు" అని, పిల్లల కోసం ఎప్పుడో ఒకావిడ రాసిన నవల. రేవులో పడవ నడిపే ఒక తల్లి, ఆమెకో కూతురు. మంచు దిగితే ఆ ఏటి మీద జనం పోగొట్టుకున్నవన్నీ తేలుతూ కనబడతాయి: గొంతులు, నీడలు, మరిచిపోయిన పాటలు. కూతురు ఒకరోజు ఎవరిదో పోయిన గొంతు తెచ్చిస్తానని మంచులోకి పోతుంది. ఎంతకీ రాదు. చివరికి వస్తుంది. ఆ రాక చదివి ఏడవని పిల్లలు లేరు, నవ్వని పిల్లలూ లేరు. పెద్దక్క కూరగాయలు తరుగుతుంటే బుజ్జి ఎదురుగా గట్టు మీద కూర్చుని ఆ పుస్తకం చదివి వినిపించేది. ఒకసారి అయిపోతే మళ్ళీ మొదటి నుంచి.

"ఇంకో పుస్తకమే లేదా ఊళ్ళో?" అనేవాడు బావ.

"నీ బస్సు రోజూ ఒకే దారిన పోదా బావా? విసుగొస్తోందా నీకు?" అనేది బుజ్జి.

పెద్దయి కాలేజీలో చేరాక బుజ్జి ఆ పుస్తకం మీదే పరిశోధనకి దిగింది. పుస్తకం మీద అంటే అచ్చయిన పుస్తకం మీద కాదు, అది అచ్చవక ముందు ఆ రచయిత్రి రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి పెట్టుకున్న చిత్తుకాగితాల మీద. ఆవిడ పోయాక వాటిని గ్రంథాలయానికి ఇచ్చారు. కాగితాలు పెళుసెక్కిపోయి, ముట్టుకుంటే అప్పడంలా విరిగేలా ఉన్నాయని, అతుకులు వేయడానికి లోపల పెట్టి తాళం వేశారు. అసలు కాగితాలు ఎవరికీ చూపించలేదు. జిరాక్సు కట్టలు మాత్రం రెండు ఇచ్చారు. బుజ్జి వాటిని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చింది.

"ఇందులో ఏం వెతుకుతావే?" అంది పెద్దక్క.

"ముసలావిడ మనసు ఎప్పుడు మార్చుకుందో వెతుకుతా."

రచయిత్రికి ఆ నవల రాసేనాటికి నిండా ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. అయినా బుజ్జికి ఆవిడ ముసలావిడే. ఇంటి మనిషిని అన్నట్టు అనేది.

చేతిరాతని అచ్చు అక్షరాల్లోకి ఎక్కించాక తప్పులు పోకుండా సరిచూడాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు రాతలో వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. ఆ రెండో మనిషి పెద్దక్క అయింది. చదవడమంటే మామూలు చదవడం కాదు. కామా వస్తే కామా అనాలి, కొట్టేసిన చోట "కొట్టివేత" అనాలి, పైన ఇరికించి రాసింది ఉంటే "పైన" అనాలి. అన్నం ఉడికేలోపు ఒక పేజీ, కూర దించేలోపు ఇంకో పేజీ. వంటింట్లో ఈ భాష మోగిపోతుంటే బావకి అదే పట్టుకుంది.

"ఆకలి, కామా, దంచేస్తోంది, ఫుల్‌స్టాప్. పెరుగు, కొట్టివేత, పైన, మజ్జిగ చాలు" అనేవాడు కంచం ముందు కూర్చుని.

అలా చేయగా చేయగా ముసలావిడ రాత పెద్దక్క కళ్ళకి అలవాటైపోయింది. సున్నా ఎలా చుడుతుందో, తొందరలో ఉంటే కొమ్ములు ఎలా వదిలేస్తుందో తెలిసిపోయింది.

ఆ రెండు కట్టల్లో చివరి అధ్యాయం రెండు రకాలుగా ఉంది. ఒక కట్టలో గుండ్రటి రాత, గీతలు గీసుకుని, కొట్టివేతల్లేకుండా. అందులో కూతురు తిరిగొస్తుంది. ఇంకో కట్టలో గీకుడు రాత. అందులో రాదు. తల్లి రేవులో కూర్చుని ఉంటుంది, మంచు తేలిపోతుంది, అంతే. ఈ సంగతి బుజ్జికి ముందు ఎవరికీ తెలియదు. తెలిసిన రోజు పరిగెత్తుకుంటూ వచ్చి అక్క భుజాలు పట్టుకుని ఊపేసింది. "ముందు చంపేసిందక్కా! గీకుడు చిత్తు కదా, అది ముందు రాసింది. తర్వాత చంపలేక బతికించి, నీటుగా ఎత్తి రాసుకుంది. చావుని కొట్టేసి బతుకు రాసింది!"

ఆ మాటనే వ్యాసంగా రాసింది. గీకుడు పేజీల్లో మాటల మధ్య అక్కడక్కడ ఖాళీలుండేవి, వాక్యం సగంలో ఆగి కొంచెం అవతల మొదలయ్యేది. వాటి గురించి ఒక పేరా రాసింది. బిడ్డ చావు రాస్తూ ఆ చెయ్యి ఆగిందనీ, కలం ఎత్తి, ఊపిరి పీల్చి, మళ్ళీ దించిందనీ, ఆ ఖాళీలే ఈ పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద మాటలనీ. అక్కకి చదివి వినిపిస్తే, పెద్దక్క గిన్నెలు తోముతున్న చేతుల్తోనే కళ్ళు తుడుచుకుని, కళ్ళల్లో సబ్బు పడి, ఆ ఏడుపు ఈ ఏడుపు కలిసి పెద్ద గోల అయింది.

వ్యాసం పంపిన కొన్నాళ్ళకే బుజ్జికి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గనుకున్నారు. ఊపిరితిత్తుల్లో ఉంది అసలు జబ్బు. ఆస్పత్రిలో చేర్చాక బుజ్జి మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆ తర్వాత పెద్దక్క మాట్లాడటం తగ్గించేసింది. వంట చేసేది, బట్టలు ఆరేసేది, ఎవరైనా పలకరిస్తే తలూపేది. కూరగాయలు తరిగేటప్పుడు మాత్రం గట్టు వైపు వీపు పెట్టి కూర్చునేది.

అలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం మేడం వచ్చింది. బుజ్జికి పరిశోధనలో దారి చూపించిన ప్రొఫెసరు. మనిషి సన్నం, మాట గరుకు. బుజ్జి ఆవిడకి "ఆకురాయి మేడం" అని పేరు పెట్టింది, రాస్తే పదును వస్తుందని. చేతిసంచిలోంచి కాగితాల దొంతర తీసి టేబులు మీద పెట్టింది.

"బుజ్జి వ్యాసం ప్రూఫులమ్మా. వ్యాసాల సంపుటం అచ్చుకి పోతోంది. ఎవరో ఒకరు రాతప్రతితో సరిచూసి ఇవ్వాలి."

"నేనా మేడం? నా చదువెంతో మీకు తెలుసుగా."

"చదువు నా దగ్గర బోలెడుంది. ఆవిడ గీకుడు చదివే కళ్ళు లేవు నాకు. నాలుగు వాక్యాలు చదివేసరికి తల తిరుగుతుంది." ఆవిడ ప్రూఫులు పెద్దక్క వైపు జరిపింది. "బుజ్జి పేరుతో అచ్చయ్యేది ఇదొక్కటే. తప్పుల్తో రావడం నాకిష్టం లేదు."

పెద్దక్క ప్రూఫు పైపేజీ చూసింది. బుజ్జి అసలు పేరు అచ్చు అక్షరాల్లో ఉంది. ఆ పేరుతో ఇంట్లో ఎవరూ పిలవరు. స్కూల్లో చేర్పించినప్పుడు పెద్దక్కే పెట్టిన పేరు అది. వేలితో ఒకసారి తడిమి, "ఇక్కడే ఉంచండి" అంది.

చదివే మనిషి ఇప్పుడు లేదు కాబట్టి బావని కూర్చోబెట్టింది. బస్సు డ్యూటీ అయ్యి వచ్చాక, చొక్కా అయినా విప్పకుండా ప్రూఫు పట్టుకుని చదివేవాడు. మొదట్లో కామాలు మింగేసేవాడు.

"కామా చెప్పరేం?"

"అంత చిన్నదానికి చెప్పాలా?"

"దాని కోసమే కదా మిమ్మల్ని కూర్చోబెట్టింది!"

బుజ్జి పోయాక పెద్దక్క అరిచింది అదే మొదటిసారి. బావ కామా గట్టిగా చెప్పాడు. లోపల సంతోషపడ్డాడు.

అంతా సరిపోయింది, ఒక్క చోట తప్ప. గీకుడు కట్టలో ఒక వాక్యం మధ్య జిరాక్సులో నల్లటి మచ్చ పడింది. బుజ్జి అక్కడ "చదవడానికి వీలు కాలేదు" అని కుండలీకరణాల్లో పెట్టింది. మేడంకి ఫోన్ చేస్తే, "అతుకుల పని అయిపోయిందట, ఇప్పుడు అసలు కాగితాలు చూపిస్తున్నారు. నేను చెప్తాను, వెళ్ళి చూడమ్మా" అంది.

గ్రంథాలయంలో ఆ గది వెనక వైపు ఉంది. పొడుగాటి బల్ల, పైన తెల్లటి దీపం. కలాలు తేకూడదు, పెన్సిలు మాత్రమే. గది చూసుకునే పెద్దాయన నడుముకి తాళాల గుత్తి కట్టుకుని, గలగలమంటూ వచ్చాడు.

"బుజ్జమ్మ అక్కగారా? రండమ్మా. ఎన్నిసార్లు వచ్చి బతిమాలిందో. చూపిస్తే నా ఉద్యోగం ఊడేది. కాదని పంపడానికి మనసొప్పేది కాదు నాకు." పెద్ద అట్ట మడత ఒకటి తెచ్చి దించాడు. "నెమ్మదిగా, రెండు చేతుల్తో తిప్పండి."

మొదటి కాగితం గుండ్రటి రాత. కూతురు తిరిగొచ్చే పేజీ. పెద్దక్క ముందు నవ్వింది, చుట్టాన్ని చూసినట్టు. తర్వాత ఆ కాగితం తిప్పింది. వెనక గీకుడు రాత ఉంది.

"ఇదేంటి బాబాయ్ గారూ, ఇది రెండో కట్ట కదా?"

"కట్టలు జిరాక్సులకేనమ్మా. ఇక్కడ ఉన్నది ఒకటే దొంతర. మాటిమాటికీ తిప్పితే విరుగుతాయని ముందువైపులన్నీ ఒకసారి తీశారు, వెనకవైపులన్నీ ఒకసారి తీశారు. అవి రెండు కట్టలయ్యాయి."

పెద్దక్క వెలుతురులోకి వంగింది. కాగితం పల్చన. ముందువైపు గుండ్రటి రాతలో కలం ఎక్కడ గట్టిగా ఆనిందో, అక్కడ సిరా ఇవతలికి దిగి చుక్కలు చుక్కలుగా, జిరాక్సుకి అందనంత లేత మచ్చలు కట్టింది. గీకుడు రాత ఆ మచ్చల దాకా వచ్చి, ఆగి, వాటిని దాటి అవతల మొదలైంది. ప్రతి మచ్చ దగ్గరా అంతే. తడి నేల మీద నీళ్ళ మడుగులు దాటుకుంటూ నడిచినట్టు.

ముసలావిడ చెయ్యి ఆగిందని బుజ్జి రాసిన ఖాళీలే అవి.

ఆమె ఇంకో కాగితం తిప్పింది. ఇంకొకటి. అన్నిటా అదే. ముందువైపు సిరా ముందే దిగి ఉంటేనే కదా వెనక రాసే చెయ్యి దాన్ని దాటుకుపోయేది. అంటే నీటు రాత ముందు. గీకుడు తర్వాత. ముసలావిడ కూతుర్ని ముందు ఇంటికి తెచ్చింది, ఆ తర్వాత కాగితం తిప్పి చంపేసింది.

ఏ మాట కోసం వచ్చిందో అది చూడకుండానే పెద్దక్క అట్ట మూసేసింది.

బయట టీ కొట్టు దగ్గర బావ కాచుకుని ఉన్నాడు. మొహం చూసి బెంచీ మీద చోటిచ్చాడు. ఆమె చెప్పింది. రెండుసార్లు చెప్తేగాని అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసు కింద పెట్టాడు.

"ఇప్పుడేంటి మరి?"

"బుజ్జి రాసింది తప్పు. అంతే."

"ఎవరికి తెలుసు? నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ తాళాలాయనకి కూడా సరిగ్గా తెలీదు. ఎప్పుడో ఎవడో వెళ్ళి తిప్పి చూసినప్పుడు తేలుద్ది. అప్పటిదాకా పిల్ల పేరు నాలుగు రోజులు ఉండనీ."

"అప్పుడు వాడేమంటాడు? కాగితం వెనక ఏముందో చూసుకోలేదు పిచ్చిది, అంటాడు."

"వాడంటే వినడానికి అది ఉందా?" అన్నాడు బావ. అనేశాక పెదవి కరుచుకున్నాడు.

పెద్దక్క ఇంటికొచ్చి ప్రూఫులు బీరువాలో పెట్టింది. మేడం ఫోన్ చేస్తే, ఇంకా చూస్తున్నానంది. మళ్ళీ చేస్తే, తలనొప్పంది. ఇల్లంతా కడిగింది. కడిగిన గిన్నెలే మళ్ళీ తోమింది. చెల్లెలి పేరు అచ్చులో నిలబడాలి, అదొక్కటే ఆమెకి మిగిలిన కోరిక. దానికి తను నోరు మూసుకుంటే చాలు. కానీ కూరగాయలు తరగడానికి కూర్చుంటే, గట్టు మీద నుంచి ఎవరో, "కొట్టివేత చెప్పలేదక్కా, మళ్ళీ చదువు" అంటున్నట్టు ఉండేది. ఆ పిల్ల ఒక్క సున్నా తప్పిపోతే పేజీ మొత్తం తిరగ చదివించేది. అలాంటి దానికి తప్పు వ్యాసం కట్టబెట్టి, నీ పేరు నిలబెట్టానే అని ఏ మొహంతో అంటుంది?

చివరికి ఒకరోజు పొద్దున్నే మేడం గదికి వెళ్ళి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోకుండా మొత్తం చెప్పేసింది.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇది నాకూ తట్టాలి. చిత్తుగా ఉంటే ముందుదే అనుకున్నాం. తాళం తీశాక ఎవరు తిప్పి చూసినా తెలిసే విషయమే. మేం ఇద్దరం చూడలేదు." కళ్ళజోడు పెట్టుకుంది. "ఇక ఇది వేయలేమమ్మా. వ్యాసానికి వెన్నెముకే ఆ వరస. ముందు చావు, తర్వాత రాక. అది తిరగబడితే మిగిలేదేంటి? కూతురు రావడమే ఆవిడ ముందు రాసుకుంది, మధ్యలో ఏదో పూట చంపి చూసింది, బాగాలేదని పాతదే అచ్చుకిచ్చింది. ఒక పేరాలో అయిపోయే సంగతి."

"పాతదే ఇచ్చిందని ఎలా తెలుసు?"

"నీటు రాతలోనూ అచ్చులోనూ పిల్ల తిరిగొస్తుంది కదా."

"వస్తుంది" అంది పెద్దక్క. ఆ మాట ఎందుకో ఆమెకి మింగుడుపడలేదు. "కొంచెం టైమివ్వండి మేడం."

"ప్రెస్సు వాళ్ళు నా పీక మీద కూర్చున్నారు. వారం చివరిదాకా ఆపగలను, అంతకన్నా నావల్ల కాదు."

ఇంటికొచ్చి అచ్చు పుస్తకం తీసింది. బుజ్జి పోయాక తెరవడం ఇదే. ఒక పక్క అది, ఒక పక్క గుండ్రటి రాత, మధ్యలో గీకుడు. మూడూ వంటింటి గట్టు మీద పరిచింది. బావని పిలిచి కూర్చోబెట్టింది. ఒక వాక్యం ఇందులోది, ఒక వాక్యం అందులోది చదివించింది. అతను నాలుగు కామాలు మింగినా ఊరుకుంది.

నీటు రాతలో కూతురు మంచులోంచి వచ్చి, పడవెక్కి, తన చిన్న తెడ్డు అందుకుని, తల్లితో సమానంగా వేస్తూ పాడుకుంటూ ఇంటికి పోతుంది. అచ్చు పుస్తకంలో అలా లేదు. కూతురు పడవెక్కి, తన తెడ్డు ఉండే చోట చెయ్యి పెడుతుంది. అక్కడేమీ ఉండదు. తల్లి ఏమీ మాట్లాడదు, కొంచెం పక్కకి జరుగుతుంది. ఉన్న ఒక్క తెడ్డే ఇద్దరూ పట్టుకుంటారు.

"ఇదేంటి, ఆ చిన్న తెడ్డు ఏమైంది?" అన్నాడు బావ.

"ఎప్పుడూ అడిగేదాన్ని నేను. బుజ్జి కూడా కింద రాసింది చూడండి." ప్రూఫులో అడుగున చిన్న అక్షరాల్లో బుజ్జి మాట ఉంది: అచ్చులో చిన్న తెడ్డు ఎందుకు లేదో నాకు తెలియలేదు, తెలిసినవారు చెప్పాలి.

పెద్దక్క గీకుడు పేజీ దగ్గరికి లాక్కుంది. ఆ పేజీలు ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. కానీ ఎప్పుడూ వేలు పెట్టి అక్షరాలే చూసింది, కథ చూడలేదు. అక్కడ, కూతురు రాదని తేలిపోయాక, రేవులో చలికి వణుకుతున్న ప్రయాణికుల కోసం తల్లి మంట వేస్తుంది. పుల్లలు అయిపోతాయి. కాసేపు చూసి, లేచి వెళ్ళి, పడవలోంచి చిన్న తెడ్డు తెచ్చి మంటలో పెడుతుంది.

పెద్దక్క ఆ వాక్యం మీద చెయ్యి వేసింది.

"కాల్చేసింది" అంది. "పిల్ల ఇక రాదని కాల్చేసిందండీ. అందుకే అచ్చులో లేదు. చచ్చిపోయిన పేజీ దాటి వచ్చింది ఆ పిల్ల."

బావ లేచి మంచినీళ్ళు తాగాడు.

మర్నాడు వెళ్ళి చెప్తే మేడం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆవిడ ఆకురాయి కదా. "తెడ్డు తీసేయడానికి వంద కారణాలు ఉండొచ్చు. ఆ పేజీ చూసుకునే రాసిందని ఇది చూపించదు. ఒక్క మాటైనా అక్కడిది ఇక్కడ దొరకాలి."

"నేను జబ్బచరిచి చెప్పలేను మేడం. కానీ రెండు రాకలూ ఒకటి కావు. మొదటిది రాసినప్పుడు ఆవిడకి ఏమీ తెలీదు. పిల్ల వెళ్ళింది, పిల్ల వచ్చింది, పాట పాడింది. అచ్చులోది అలా లేదు. అందులో తల్లికి సంతోషం వచ్చినా చెయ్యి వణుకుతూనే ఉంది. పిల్ల పోయిందని ఒకసారి పూర్తిగా రాసిన మనిషే అలా రాయగలదు."

మేడం అచ్చు పుస్తకం తన ముందుకు లాక్కుంది. "నువ్వు గీకుడు చదువు. నెమ్మదిగా. నేను ఇందులో చూస్తాను."

పెద్దక్క చదివింది, కామాతో, కొట్టివేతతో, పైన రాసినదానితో. కిటికీలోంచి ఎండ బల్ల మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి జరిగింది. తల్లి రేవులో కూర్చున్న చోట ఒక వాక్యం ఉంది, అదే జిరాక్సులో మచ్చ పడిన వాక్యం. గ్రంథాలయంలో చూడకుండా వచ్చేసిన ఆ మాట కోసం పెద్దక్క ఆ పొద్దున్నే మళ్ళీ వెళ్ళి, పెన్సిలుతో రాసుకొచ్చింది. ఇప్పుడది పైకి చదివింది: "ఏటికి నా బిడ్డ బరువు గుర్తుంది."

"ఆగు" అంది మేడం. పేజీలు వెనక్కి తిప్పింది. ముందుకి తిప్పింది. వేలు ఒక చోట ఆనించి పుస్తకం పెద్దక్క వైపు తిప్పింది. అచ్చులో, కూతురు పడవలో కాలు పెట్టగానే పడవ ఒక పక్కకి ఒరుగుతుంది. అక్కడ తల్లి అనుకునే మాట అదే. ఒక్క అక్షరం తేడా లేదు. నీటు రాతలో ఆ మాట ఎక్కడా లేదు.

"దొరికింది" అంది మేడం, చిన్నపిల్లలా. వెంటనే గొంతు సవరించుకుని, "చావు పేజీలోంచి ఎత్తి రాక పేజీలో పెట్టుకుంది. వరస మూడు మెట్లు. రాక, చావు, మళ్ళీ రాక. బుజ్జి చెప్పినదానిలో రెండో సగం నిలబడిందమ్మా. చావుని దాటే రాసింది అంది కదా, ఆ మాట నిజం. మొదటి మెట్టు ఒక్కటే దానికి కనబడలేదు."

పెద్దక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తర్వాత పని మామూలు పనే, కానీ కష్టమైన పని. బుజ్జి వ్యాసంలో ఏది ఉంచాలి, ఏది తీయాలి అని ఇద్దరూ ప్రూఫు మీద కూర్చున్నారు. రెండు ముగింపులున్నాయని మొదట కనిపెట్టింది బుజ్జే, అది ఉంది. రాతలన్నీ తప్పు లేకుండా ఎక్కించింది, అవి ఉన్నాయి. తెడ్డు గురించి అడుగున వేసిన ప్రశ్న పైకి వచ్చి కూర్చుంది. ఖాళీల పేరా దగ్గరికొచ్చేసరికి మేడం ఎర్ర కలం కింద పెట్టేసింది.

"ఇది ఉంచుదామా? అడుగున, 'ఇలా కూడా అనుకున్నారు' అని. ఎంత బాగా రాసింది."

పెద్దక్కకి ఆ పేరా కంఠతా వచ్చు. బుజ్జి గొంతుతో సహా వచ్చు.

"వద్దు మేడం. అవి సిరా మచ్చలు. దానికి తెలిసుంటే అదే కొట్టేసేది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని 'కొట్టివేత' అని గట్టిగా చెప్పేది." కలం తనే అందుకుంది. ఎర్రగీత మొదటి మాట నుంచి చివరి మాట దాకా లాగింది. లాగాక కలం మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

కాగితం, సిరా, మచ్చలు, తెడ్డు సంగతి రెండో భాగంగా రాయాలన్నారు. పెద్దక్క చెప్తుంటే మేడం రాసింది. చదివి వినిపిస్తే పెద్దక్క "అంత పెద్ద మాటలు నేననలేదు" అని కొన్ని తీయించింది. సంతకం దగ్గర మేడం ఆమె పేరు అడిగింది.

"నాదెందుకు? బుజ్జిదుందిగా."

"చూసింది ఎవరు?"

"నేనే."

"అయితే పేరు చెప్పు, పొద్దుపోతోంది. ఇంటికెళ్ళాక మీ ఆయన అన్నం ఆలస్యమైందని నన్ను తిడతాడు."

ఏడో తరగతి రిజిస్టరు తర్వాత ఎక్కడా పెద్దగా రాయని తన పేరు పెద్దక్క చెప్పింది. చెప్పి, ఒకసారి పైకి చదివించుకుంది.

సంపుటం వచ్చాక బావ దాన్ని బస్సులో స్టీరింగు పక్కన పెట్టుకుని తిరిగాడు. ఎక్కే ప్రతి టీచరుకీ చూపించాడు. "ఒక పేరు మా మరదలు, కింద పేరు మా ఆవిడ. మధ్యలో కామాలన్నీ నావి" అన్నాడు. వద్దని పెద్దక్క మొత్తుకున్నా వినలేదు.

పదో అధ్యాయం చిత్తు ఇంకా ఎవరూ సరిచూడలేదని మేడం చెప్పింది. కాగితాలు ఎలాగూ బయటికొచ్చాయి, కావాలంటే రావచ్చంది. వంట పని తెమిలాక పెద్దక్క గ్రంథాలయానికి పోవడం మొదలుపెట్టింది. తాళాలాయన దీపం వేసి, అట్ట దించి, ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చదివే మనిషి కావాలంటమ్మా, మేడం చెప్పారు. నాకు కళ్ళు బానే ఉన్నాయి. ఎక్కడి నుంచి?"

పెద్దక్క మొదటి కాగితం రెండు చేతుల్తో తిప్పి, వెనకవైపు ఏముందో ముందు చూసుకుంది. తర్వాత తిన్నగా పెట్టి, మొదటి అక్షరం కింద వేలు ఆనించింది.

"ఇక్కడి నుంచి బాబాయ్ గారూ. కామాలు వదలకండి."